జిడ్డు వదలని కోకోబోలో పెన్ను: పాలిష్ ఎందుకు ఆరదు?

ఈరోజు టాపిక్ చూడ్డానికి చిన్నదే: ఆరని పాలిష్. కానీ దీని వెనకాల ఉన్న కెమిస్ట్రీ అర్థమైతే మీ ఇంట్లో తలుపుకి వేసే వార్నిష్ దగ్గర్నుంచి చిప్స్ ప్యాకెట్ వెనకాల ఉండే నంబర్ దాకా చాలా విషయాలు ఒకేసారి వెలుగుతాయి.

నా పాత ఆఫీసులో జూనియర్ ఒకడు ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. గ్యారేజీలో చిన్న లేత్ పెట్టుకుని వీకెండ్స్‌లో చెక్క పెన్నులు చేస్తాడు. అమెరికాలో ఇది పెద్ద హాబీ. చెక్క ముక్కకి నిలువునా బెజ్జం వేసి, లోపల ఇత్తడి గొట్టం అంటించి, లేత్ మీద తిప్పి నున్నగా చేసి, రెడీమేడ్ కిట్‌తో బిగించేస్తారు. వీడి నాన్నగారు హెడ్‌మాస్టర్, గుంటూరులో రిటైర్ అవుతున్నారు. ఫంక్షన్ రోజు ఆయన చేతిలో తను చేసిన పెన్ను పెట్టాలని వీడి కోరిక. చెక్క కూడా మామూలుది కాదు, కోకోబోలో. నారింజ, ఎరుపు, మధ్యలో నల్ల గీతలు, చూస్తే నిప్పుకణిక లాగా ఉంటుంది.

ఫ్లైట్‌కి 9 రోజుల ముందు వీడియో కాల్ చేశాడు. "అన్నా, డేనిష్ ఆయిల్ పూసి మూడు వారాలైంది. ఇంకా వేలికి అంటుకుంటోంది. ఆయిల్ పాతదా? లేక నా చెయ్యే సరిగ్గా లేదా?"

ఆయిల్ కొత్తదే, వాడి చెయ్యి కూడా బాగుంది. ఆ చెక్క మీద ఆ ఆయిల్ ఆరదు, అంతే. ఎందుకో చూద్దాం.

ముందు ఒక మాట గురించి. తడి బట్ట ఆరుతుంది అంటాం, పెయింట్ ఆరింది అని కూడా అంటాం. రెండింటికీ ఒకే మాట. కన్‌ఫ్యూజన్ అంతా ఇక్కడే మొదలవుతుంది. బట్ట ఆరడమంటే నీళ్లు ఆవిరై పోవడం. నూనె పాలిష్ అలా కాదు. అవిసె నూనె, వార్నిష్, డేనిష్ ఆయిల్ లాంటి వాటిలో అసలు సరుకు ఎక్కడికీ పోదు. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని దాని అణువులు ఒకదానికొకటి చేతులు కలుపుకుని వలలాగా గట్టిపడతాయి. మీ వంటింట్లో స్టవ్ పక్కన ఉండే నూనె సీసా తీసి పట్టుకోండి. బయట కారిన నూనె పసుపుపచ్చటి బంకలాగా గట్టిపడి ఉంటుంది, సబ్బుకి కూడా లొంగదు. ఆరిందా అది? లేదు, అల్లుకుంది. నూనె పాలిష్ చేసే పని కూడా అదే, కాకపోతే అక్కడ మనం కావాలని చేయిస్తాం.

ఇప్పుడు చిప్స్ ప్యాకెట్ దగ్గరికి వద్దాం. లేదా రిఫైన్డ్ ఆయిల్ ప్యాకెట్ తిప్పి చూడండి. చాలావాటి మీద యాంటీఆక్సిడెంట్ అని, పక్కన ఐఎన్ఎస్ 319 అని ఉంటుంది. నూనె గాలితో కలిసి ముక్కిపోకుండా ఆపడానికి వేసే పదార్థం అది. ఆక్సిజన్‌తో మొదలయ్యే ఆ గొలుసు చర్యని మధ్యలో తెంపేస్తుంది. చాలా కొంచెం చాలు, పని అయిపోతుంది.

కోకోబోలో చెట్టు ఇదే ట్రిక్‌ని ఏ ఫ్యాక్టరీ లేకుండా చేస్తోంది. చెట్టు మధ్యభాగం వయసయ్యేకొద్దీ ముదిరి రంగు మారుతుంది, దాన్నే మనం చేవ అంటాం. "వాడిలో చేవ ఉంది" అంటామే, అదే మాట. చేవలోకి చెట్టు రకరకాల రసాయనాలని నింపుతుంది. బూజు పట్టకుండా, చెదలు తినకుండా ఆపేవి అవే. రంగు, వాసన, నూనెలాంటి జిగురు కూడా వాటివల్లే. కోకోబోలో శాస్త్రీయ నామం డాల్బెర్జియా రెట్యూసా, మెక్సికో నుంచి పనామా దాకా పసిఫిక్ తీరం వైపు పెరుగుతుంది. మన జిట్రేగి కూడా డాల్బెర్జియానే, అంటే రెండూ దాయాదులు. ఈ కుటుంబం చేవలో ఫినాల్స్, క్వినోన్స్ అనే జాతి పదార్థాలు ఉంటాయి. వీటిలో చాలావాటికి యాంటీఆక్సిడెంట్ గుణం ఉంటుంది. మనం పైన నూనె పూస్తాం, అది ఆక్సిజన్‌తో అల్లుకోవడం మొదలెడుతుంది, కింద నుంచి చేవలోని సరుకు పైకి ఊరి ఆ అల్లికని తెంపుతూ ఉంటుంది. మూడు వారాలు కాదు, ఒక్కోసారి నెలలు ఆగినా బంకగానే ఉంటుంది. పైగా చెక్క రంగు ఆ బంకలోకి దిగుతుంది. వాడి వేలికి అంటుకున్నది నారింజ రంగులో ఉంది. అది హెడ్‌మాస్టర్ గారి తెల్ల చొక్కా జేబులోకి వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి.

కాబట్టి కోకోబోలోని ఏళ్ల తరబడి నిలబెట్టే గుణమూ, మన పాలిష్‌ని చెడగొట్టే గుణమూ ఒకటే. దాంతో పోట్లాడి లాభం లేదు. ఆక్సిజన్ మీద ఆధారపడని పాలిష్ వెతుక్కోవాలి.

"అసిటోన్‌తో తుడిచేస్తే సరిపోతుంది కదా" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. చెక్క పని చేసేవాళ్లందరూ ఇచ్చే మొదటి సలహా ఇదే. నా అభిప్రాయం: సగం నిజం. అసిటోన్ పైపొరలో ఉన్న జిడ్డుని కరిగించి తీస్తుంది, గుడ్డ మీద ఎర్రగా కనిపిస్తుంది కూడా. కానీ లోపల ఉన్నది లోపలే ఉంటుంది, టైమ్ ఇస్తే మళ్లీ పైకి వస్తుంది. రాత్రి తుడిచి పొద్దున పూద్దాం అనుకుంటే తుడిచిన పని వృథా. తుడవగానే, అసిటోన్ ఎగిరిపోగానే, మొదటి కోటు పడిపోవాలి. అది కూడా ఆక్సిజన్ అక్కర్లేని కోటు. ఆయిల్ పాలిష్ కింద అసిటోన్ తుడవడం అంటే సర్వర్‌ని రీస్టార్ట్ చేయడం లాంటిది, కాసేపు బాగుంటుంది, బగ్ మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకో విషయం, నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి. దాంట్లో గోళ్లు పొడిబారకుండా నూనెలు, సెంట్లు కలుపుతారు. జిడ్డు తీయడానికి వెళ్లి జిడ్డు పూసినట్టవుతుంది. కెమికల్స్ అమ్మే షాపులో మామూలు అసిటోన్ అడగండి. లేత్ ఆపి, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని వాడండి, అది పెట్రోల్ లాగా అంటుకుంటుంది.

సరే, ఆక్సిజన్ అక్కర్లేనివి ఏమున్నాయి? పెన్నులు చేసేవాళ్లలో ఎక్కువమంది వాడేది సీఏ, అంటే సైనోఅక్రిలేట్. కంగారు పడకండి, మన ఫెవిక్విక్ కూడా ఆ జాతిదే. 1942లో హ్యారీ కూవర్ అనే కెమిస్ట్ చేతికి చిక్కింది, ప్రతిదానికీ అంటుకుపోతోందని అప్పుడు పక్కన పెట్టేశారు. 1958లో ఈస్ట్‌మన్ కోడక్ దాన్నే జిగురుగా మార్కెట్‌లోకి తెచ్చింది. ఇది గట్టిపడటానికి కావలసింది కొంచెం తేమ, అంతే. గాలిలో, చెక్క మీద ఉండే తేమ చాలు. యాంటీఆక్సిడెంట్ తెంపే గొలుసు వేరు, ఇది అల్లుకునే గొలుసు వేరు. అందుకే కోకోబోలో మీద కూడా టక్కున గట్టిపడుతుంది.

అలాగని సీఏ పూస్తే కథ సుఖాంతం అనుకోకండి. గట్టిపడటం వేరు, చెక్కకి పట్టుకోవడం వేరు. జిడ్డు మీద గట్టిపడిన సీఏ గాజు పొరలాగా పైన కూర్చుంటుంది, కొన్ని నెలలకి లేస్తుంది. ఎక్కువగా లేచేది చివర్లలో, అంటే చెక్క ముగిసి లోహం మొదలయ్యే చోట. అక్కడ చెక్క మందం మిల్లీమీటర్ కూడా ఉండదు. చెమట, నీళ్లు దూరేది ఆ సందులోంచే.

సీఏ పెన్ను మీద తెల్లగా కనిపిస్తే వెంటనే తిట్టుకోకండి, ముందు అది ఏ తెలుపో చూడండి. పైన పౌడర్ చల్లినట్టు ఉంటే, అది సీఏ ఆవిరి గడ్డకట్టి పడింది, పాలిష్ చేస్తే పోతుంది. పొర లోపల నురగలాగా, పాలలాగా ఉంటే, త్వరగా గట్టిపడాలని యాక్సిలరేటర్ స్ప్రే ఎక్కువ కొట్టారని అర్థం. వేడెక్కి లోపల బుడగలు వచ్చేశాయి, ఆ పొర అంతా తీసేయాల్సిందే. మూడో రకం చివర్లలో తెల్లటి ఉంగరంలా కనిపిస్తుంది, గోరుతో నొక్కితే ఆకారం మారుతుంది. అంటే పొర చెక్కని వదిలేసింది, కింద గాలి చేరింది. దాని మీద ఎన్ని కోట్లు వేసినా ఆ ఉంగరం పోదు.

జిడ్డు చెక్క మీద సీఏ నిలవాలంటే నేను చేసే పద్ధతి ఇది. అసిటోన్‌తో తుడిచి, ఆరగానే బాగా పలచటి సీఏ ఒకటి రెండు కోట్లు. అది రంధ్రాల్లోకి దిగి పట్టు ఇస్తుంది. యాక్సిలరేటర్ జోలికి వెళ్లను, ఆ చెక్కకి టైమ్ ఇస్తాను. తర్వాత కొంచెం చిక్కటిది, ఐదారు పలచటి కోట్లు. చివర్లకి, అంటే కోసిన అంచులకి కూడా సీఏ పట్టిస్తాను. ఈ ఒక్క పని వదిలేయడం వల్లే చాలా పెన్నులు పాడవుతాయని నా నమ్మకం. ఎందుకంటే తర్వాత మెరుగుకోసం తడి శాండింగ్ చేస్తాం, 1500 నుంచి 12000 దాకా ఉండే మైక్రోమెష్ ప్యాడ్లని నీళ్లలో ముంచి రుద్దుతాం. అంచు మూసి లేకపోతే ఆ నీళ్లు అక్కడి నుంచే లోపలికి పాకుతాయి. తెల్ల ఉంగరం పుట్టుక అదే.

సీఏ పూసేటప్పుడు గది కిటికీలు తెరవండి. కళ్లు మండించే ఆవిరి వస్తుంది. కాటన్ గుడ్డతో పూయకండి, కాటన్‌కి ఎక్కువ సీఏ తగిలితే పొగ వచ్చేంత వేడెక్కుతుంది. టిష్యూ పేపర్ ముక్క, చేతికి నైట్రైల్ గ్లవుజ్, అంతే.

ఇక రెండో దారి లక్క. ఇది మనకి కొత్త కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లేత్ మీద అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీని నొక్కి పడతారు. రాపిడి వేడికి అది కరిగి బొమ్మకి పట్టేస్తుంది. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. పెన్నులకి వాడే షెల్లాక్ కూడా ఆ లక్క పురుగు ఇచ్చేదే, స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. స్పిరిట్ ఎగిరిపోతే లక్క మిగులుతుంది. ఇది నిజంగానే మన బట్ట ఆరినట్టు ఆరుతుంది, ఆక్సిజన్‌తో పని లేదు. జిడ్డు చెక్కలకి కూడా బాగా పట్టుకుంటుంది. అందుకే మైనం తీసేసిన షెల్లాక్‌ని కింద ఒక అడ్డుగోడలాగా వేసి, దాని మీద వార్నిష్ వేసేవాళ్లు కూడా ఉన్నారు. చేవలోని సరుకు ఆ గోడ దాటి పైకి రాదు.

కానీ షెల్లాక్ ఒక్కటే పైపూతగా ఉన్న పెన్ను ఈ కాలానికి సరిపోదు. స్పిరిట్‌లో కరిగేది స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తో పెన్ను పట్టుకుంటే? వేలిముద్రలు పడిపోతాయి. ఎండాకాలం కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేసినా మెత్తబడుతుంది. బొమ్మకి, షోకేస్‌లో ఉండే వస్తువుకి లక్కని మించింది లేదు. రోజూ చెమట తగిలే పెన్నుకి మాత్రం నేను చెప్పను.

మూడో దారి, ఏమీ పూయకపోవడం. ఇది వినగానే చాలామంది మొహం పెడతారు. కానీ క్లారినెట్ చూడండి. అది ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, అంటే ఇంకో డాల్బెర్జియా. దాని మీద గాజులాంటి పొర ఏదీ ఉండదు. నున్నగా చేసి కొంచెం నూనె పట్టిస్తారు, అంతే. రోజూ ఊపిరి తేమ, చేతి చెమట తగులుతూ కూడా దశాబ్దాలు నిలుస్తుంది. కోకోబోలో కూడా బాగా గట్టిది, చాలా ముక్కలు నీళ్లలో వేస్తే మునిగిపోతాయి. బాగా సన్నటి గ్రిట్ దాకా వెళ్తే దానంతట అదే మెరుస్తుంది. పైన మైక్రోక్రిస్టలైన్ మైనం, అంటే బ్రిటిష్ మ్యూజియంలో పురాతన వస్తువుల కోసం తయారుచేసిన రెనైసాన్స్ వ్యాక్స్ లాంటిది, పలచగా రుద్దితే చాలు. మెరుపు అద్దంలా ఉండదు, బాగా అరిగిన పాత మెట్ల కటకటాల్లాంటి మెరుపు ఉంటుంది. నాకు అదే ఇష్టం. మైనం కొన్ని నెలలకి అరుగుతుంది, మళ్లీ రుద్దుకోవాలి.

మా వాడికి నేను మొదట ఇదే చెప్పబోయాను. 9 రోజులే ఉన్నాయి, సీఏ మీద వాడికి చెయ్యి తిరగలేదు. కానీ అంతకంటే ముందు ఒక ప్రశ్న అడగాలి: పట్టుకునేది ఎవరు?

ఎందుకంటే చేవలోని ఆ క్వినోన్స్ పాలిష్‌తో మాత్రమే ఆడుకోవు. కొంతమంది చర్మానికి కూడా పడవు. కోకోబోలో పొడి తగిలితే దురద, ఎర్రటి దద్దుర్లు, కళ్లు వాయడం మామూలుగా వినిపించే విషయాలే. కోకోబోలోతో చేసిన రికార్డర్ అనే వేణువు వాయించేవాళ్లకి పెదాల చుట్టూ దద్దుర్లు వచ్చిన కేసులు వైద్యులు నమోదు చేశారు. అంటే పొడి మాత్రమే కాదు, పూత లేని చెక్క కూడా సరిపోతుంది కొందరికి. ఇది అలవాటైతే తగ్గే రకం కాదు. తగిలేకొద్దీ శరీరం ఇంకా గట్టిగా రియాక్ట్ అవడం నేర్చుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలకపోవచ్చు.

"నాన్నగారికి ఏమైనా ఎలర్జీలు ఉన్నాయా?" అని అడిగాను. కాసేపు ఆగి, "సుద్దముక్క పొడికే చేతులు పగిలేవి అన్నా, రాత్రుళ్లు కొబ్బరినూనె రాసుకునేవాళ్లు" అన్నాడు. సుద్ద వేరు, ఇది వేరు. కానీ అంత సున్నితమైన చర్మం ఉన్న మనిషికి పూత లేని కోకోబోలో ఇవ్వడం నాకు మనసొప్పలేదు. అందుకే టైమ్ తక్కువైనా సీఏ దారే పట్టించాను. అదృష్టం ఏమిటంటే వాడు ఇంకా కిట్ బిగించలేదు. బిగించి ఉంటే విప్పేటప్పుడు పలచటి చెక్క పగిలిపోయే ప్రమాదం ఉంది. జిగటంతా అసిటోన్‌తో తుడిచి, మళ్లీ లేత్ ఎక్కించి, పచ్చి చెక్క కనిపించేదాకా ఆరేసిన పొడి వచ్చేలా గీరాడు. పొడి శాండ్ పేపర్‌కి ముద్దలా అంటుకుంటోందంటే ఆయిల్ ఇంకా ఉన్నట్టే. తర్వాత, బ్లాంక్ కోసినప్పుడు మిగిలిన అర అంగుళం ముక్క మీద ముందు ట్రై చేయించాను. రెండు రోజులు ఆగి, సెల్లోటేప్ గట్టిగా అంటించి లాగితే పొర లేవలేదు. అప్పుడు పెన్ను మీద మొదలుపెట్టాడు. ఆ తునక మీ దగ్గర కూడా ఉంటుంది, పారేయకండి. కొత్త చెక్క, కొత్త పాలిష్ ఏది కలిపినా ముందు దాని మీదే.

పెన్ను ఫ్లైట్‌లో తెచ్చుకోవచ్చా అని కూడా అడిగాడు. మంచి ప్రశ్న. డాల్బెర్జియా జాతి మొత్తం 2017 జనవరి నుంచి సైటీస్ అపెండిక్స్ 2లో ఉంది, అంటే దేశాల మధ్య వ్యాపారానికి పర్మిట్ కావాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే 1992 నుంచే ఇంకా కఠినమైన అపెండిక్స్ 1లో ఉంది. కానీ అపెండిక్స్ 2లో ఉన్న వాటికి 2019లో ఒక సవరణ వచ్చింది: తయారైన వస్తువులు, ఒక షిప్‌మెంట్‌లో ఆ చెక్క బరువు 10 కిలోల లోపు ఉంటే మినహాయింపు. పెన్ను దాని కిందికి వస్తుంది. పచ్చి చెక్క ముక్కలు సూట్‌కేస్‌లో వేసుకుని రావడం మాత్రం వేరే సంగతి, అది చేయొద్దు.

ఆ మాటకొస్తే మన శేషాచలం రక్తచందనం కూడా 1995 నుంచి అపెండిక్స్ 2లో ఉంది. "దాంతో పెన్ను చేయొచ్చు కదా" అనే ఆలోచన వచ్చేవాళ్లకి ఒకటే మాట: బిల్లు, అటవీశాఖ పర్మిట్ లేని ముక్క చేతిలో పెట్టుకోకండి. లీగల్ ముక్కే దొరికినా దాని తలనొప్పి రంగు కారడం. రక్తచందనం, దాని ఆఫ్రికా చుట్టం పడాక్, ఇవి స్పిరిట్ తగలగానే ఎర్రగా కారుతాయి. పక్కన మేపుల్ లాంటి తెల్ల చెక్క జోడించారా, తెల్లది గులాబీ రంగైపోతుంది. అక్కడ గుడ్డతో అడ్డంగా తుడవకూడదు. పదునైన ఉలితోనే నున్నగా తెచ్చి, శాండింగ్‌కి ముందే పలచటి సీఏ వేసి రంధ్రాలు మూసేస్తే ఎర్రపొడి తెల్లదాంట్లోకి దిగదు. లేత్ ఆపి, పొడవునా రుద్ది, బ్రష్‌తో దులపాలి.

ఎబోనీ, స్నేక్‌వుడ్ వాడేవాళ్లకి పాలిష్ కంటే ముందు వేడి శత్రువు. శాండ్ పేపర్ గట్టిగా అదిమితే లోపలి ఇత్తడి వేడెక్కి వ్యాకోచిస్తుంది, పైన చెక్క తేమ పోయి ముడుచుకుంటుంది. రెండూ ఎదురెదురుగా లాగితే వెంట్రుకంత పగులు. అది ఆ రోజు కనిపించదు, మెరుగుపెట్టి బిగించాక వారానికి కనిపిస్తుంది. స్పీడ్ తగ్గించండి, వేలికి వెచ్చగా అనిపించగానే ఆపండి, మూడు నాలుగు రోజులు షెల్ఫ్‌లో పెట్టి చూసి అప్పుడు పాలిష్ మొదలెట్టండి.

ఇవన్నీ చేసేటప్పుడు ఎన్95 మాస్క్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, పని అయ్యాక స్నానం. ఆ బట్టలతో మంచం ఎక్కకండి. ఆయిల్ పూసిన గుడ్డలు ఉంటే ఉండచుట్టి డస్ట్‌బిన్‌లో వేయకండి, అవి గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో అసలు పాలిషే అక్కర్లేని పెన్నుల గురించి మాట్లాడుకుందాం. రాజమండ్రి రత్నం పెన్నులకి వాడే ఎబోనైట్, గంధకం కలిపి ఉడికించిన రబ్బరు. దానికి కూడా ఒక పేచీ ఉంది, ఎండ.